పిరాన్యా తల ఎదుట పెడితే ఏం చేయాలి? లీమాలో భోజనం గురించి సలహా కావాలి

ప్రశ్న:
వచ్చే నెల నేనూ నా భార్యా పెరూ వెళ్తున్నాం. లీమాలోని బర్రాంకో ప్రాంతంలో ఉన్న సెంట్రల్ రెస్టారెంట్‌లో ఒక రాత్రికి టేబుల్ దొరికింది. 2023లో ప్రపంచంలోని 50 అత్యుత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానం దీనిదేనని తెలిసి ఉత్సాహంగా బుక్ చేశాను. అయితే పళ్లు బయటపెట్టిన పిరాన్యా చేపల తలలను గిన్నెలో పేర్చిన ఫొటో చూసినప్పటి నుంచి ఆవిడ "మీరు తినండి, నేను పక్కన కూర్చుని చూస్తాను" అంటోంది. నచ్చనిది వదిలేస్తే వంటవారిని అవమానించినట్టు అవుతుందా? ప్రతి వంటకానికీ జతగా పోసే వైన్ తప్పనిసరా? ఆవిడకు రొయ్యలు పడవన్నది మరో చిక్కు.

మొదటి సమాధానం:
ముందు మీ ఆవిడ గారికి ధైర్యం చెప్పండి, ఆ తలలు తినడానికి కావు. నేను వెళ్లినప్పుడు కరకరలాడేలా వేయించిన పిరాన్యా చర్మాన్ని ఆ తలల మీద అమర్చి తెచ్చారు. దాన్ని తీసి నోట్లో వేసుకుంటే చేప అప్పడంలా ఉంది, అంతే. అసలు విశేషం మెనూ కూర్పులో ఉంది. అక్కడి ప్రధాన వంటవారైన వర్జీలియో మార్టినెజ్, పియా లియోన్ దంపతులు వంటకాలను రుచుల వరుసలో కాక పదార్థాలు దొరికే ఎత్తుల ప్రకారం అమర్చారు కాబట్టి, ఒక పళ్లెం సముద్ర మట్టానికి దిగువ నుంచి, మరొకటి అమెజాన్ అడవి నుంచి, ఇంకొకటి నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఆండీస్ పర్వతాల నుంచి వస్తుంది. నాకు బాగా గుర్తున్నది కుషూరో. కొండ సరస్సుల్లో పెరిగే ఈ నాచు చిన్న ఆకుపచ్చ గోళీల్లా ఉంటుంది. దానికంటూ రుచి దాదాపు ఉండదు, నాలుక మీద జారి పళ్ల కింద మెత్తగా నలుగుతుంది. దాని పక్కనే వడ్డించిన చూన్యో గురించి చెప్పారు. బంగాళాదుంపలను మంచు కురిసే రాత్రులు ఆరుబయట గడ్డకట్టనిచ్చి, కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెడితే అవి ఏళ్ల తరబడి నిలవ ఉంటాయట. ఆ సంగతి విన్నాక నల్లగా, మట్టి వాసనతో ఉన్న ఆ ముక్కను వదిలేయాలని నాకు అనిపించలేదు.

రెండవ సమాధానం:
వదిలేయడం అవమానమేమీ కాదు, కానీ రొయ్యల సంగతి టేబుల్ దగ్గర కూర్చున్నాక చెబితే మాత్రం వంటగదికి నిజంగా ఇబ్బంది. పెరూ వంటలో సముద్రపు సరుకు ఎక్కువ కనుక, అది కేవలం ఇష్టం లేకపోవడమా, అలర్జీయా అన్నది స్పష్టంగా ఈరోజే రాసి పంపండి. ఇంకొక్క మాట: కొకైన్ తీసేది కోకా ఆకు నుంచే, ఆ దేశంలో ఆ ఆకుతో చేసే పానీయాలు మామూలే. తిరిగి వచ్చాక ఉద్యోగంలో మాదకద్రవ్యాల పరీక్ష ఉంటే వాటిని ముట్టుకోకండి, కోకా టీ తాగినా ఆ పరీక్షలో బయటపడుతుంది.

మూడవ సమాధానం:
వైన్ విషయంలో నా అనుభవం వినండి. మరో దేశంలో ఇలాంటి సుదీర్ఘమైన భోజనానికి వెళ్లి, ప్రతి వంటకంతో వచ్చిన గ్లాసును మర్యాద కోసం ఖాళీ చేస్తూ పోయాను. ఏడో వంటకం దాటాక ఏం తిన్నానో ఇప్పటికీ గుర్తు లేదు, బిల్లు మాత్రం గుర్తుంది! ఇద్దరూ కలిసి ఒక్క వైన్ పెయిరింగ్ పంచుకుంటామని అడగండి, లేదా మద్యం లేని పానీయాల జత ఉందేమో కనుక్కోండి. మధ్యాహ్నం భోజనం తేలిగ్గా ముగించి వెళ్లడం మరవకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆవిడది అలర్జీయేనని వివరంగా రాసి రెస్టారెంట్‌కు ఇప్పుడే పంపాను. తలలు తినక్కర్లేదని తెలిశాక "అయితే ఆ చర్మం నాకూ ఒక ముక్క" అంది. చూన్యోను మాత్రం, కాళ్లతో తొక్కుతారని వినగానే, నాకే వదిలేసింది.