‘ది ఇంటర్నేషనల్’ గోల్ఫ్ టోర్నీ ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న: పీజీఏ టూర్‌లో (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీల సిరీస్) ఒకప్పుడు స్ట్రోకులకు (బంతిని కొట్టిన దెబ్బలకు) బదులు పాయింట్లు లెక్కపెట్టే టోర్నీ ఉండేదట కదా, ఎవరికైనా తెలుసా? ఎందుకు ఆపేశారు?

జవాబు 1: ఉండేదండి, నాకు చాలా ఇష్టమైన టోర్నీ. 1986 నుంచి 2006 దాకా కొలరాడోలో, డెన్వర్ దగ్గరి కాజిల్ పైన్స్ క్లబ్‌లో జరిగేది, ఆ క్లబ్ పెట్టిన జాక్ వికర్స్ మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్లలో బర్డీకి (పార్, అంటే ఆ హోల్ కి నిర్ణయించిన దెబ్బల కంటే ఒకటి తక్కువ) 2, ఈగిల్‌కి (రెండు తక్కువ) 5, ఆల్బట్రాస్‌కి (మూడు తక్కువ) 8 పాయింట్లు వచ్చేవి, బోగీకి (ఒకటి ఎక్కువ) 1 పోయేది, డబుల్ బోగీ (రెండు ఎక్కువ) అయినా అంతకంటే ఘోరమైనా 3 పోయేవి. అంటే జాగ్రత్తగా పార్‌లు కొట్టుకుంటూ పోతే సున్నాయే! ధైర్యంగా కొట్టే ఫిల్ మికెల్సన్ 1993లో, 1997లో గెలిచాడంటే ఆశ్చర్యమేముంది.

జవాబు 2: కారణం స్పాన్సర్ దొరకకపోవడం. టైగర్ వుడ్స్ కూడా 1999 తర్వాత అక్కడ ఆడలేదు. 2007 ఫిబ్రవరిలో రద్దు చేశారు, అదే జులైలో వాషింగ్టన్ దగ్గర వుడ్స్ హోస్ట్‌గా కొత్త టోర్నీ మొదలైంది. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జవాబు 3: ఆ పాయింట్ల పద్ధతిని 2012 నుంచి నెవాడా రాష్ట్రంలోని రెనో టోర్నీ తీసుకుంది. కాజిల్ పైన్స్‌కి పీజీఏ టూర్ మళ్లీ వచ్చింది 2024లో, బీఎండబ్ల్యూ ఛాంపియన్‌షిప్‌కి, కీగన్ బ్రాడ్లీ గెలిచాడు.