ఆసుపత్రిలో టీ పెట్టిన అమ్మ ఇంట్లో ఎందుకు పెట్టలేకపోతోంది?

తెనాలి కూతురు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 61 ఏళ్ళు. సంక్రాంతికి ముందు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఐదు వారాలు ఉన్నాం. ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. కుడి చేత్తో వస్తువు పట్టుకుంటుంది కానీ పట్టు నిలవదు.

అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) గదిలో, అంటే రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే చోట, చిన్న వంటగట్టు ఉండేది. ఇంటికి పంపే ముందు అమ్మ అక్కడ నిలబడి టీ పెట్టి నాకిచ్చింది. ఆ రోజు నేను ఏడ్చేశాను.

ఊరికొచ్చి రెండు నెలలైంది. మొదటి వారం టీ పెట్టబోతే పాలన్నీ గట్టు మీద ఒలికిపోయాయి. అప్పటినుంచి వంటింట్లోకే రావడం లేదు. నాన్న ‘అక్కడ చేసిన మనిషి ఇక్కడెందుకు చేయదు, బద్ధకం’ అంటున్నాడు. అమ్మ ఏమీ అనదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. వదినేమో ‘మీరు కూర్చోండి అత్తయ్యా’ అని అన్నీ తనే చేసేస్తుంది, ప్రేమగానే. చెయ్యి మళ్ళీ వెనక్కి పోయిందా? లేక మనసులో బెంగా? నేను వారాంతాల్లో మాత్రమే వెళ్ళగలను. చాలా టెన్షన్‌గా ఉంది.

విశాఖ ఓటీ

నమస్తే అమ్మా. నేను 18 ఏళ్ళుగా ఆక్యుపేషనల్ థెరపీ చేస్తున్నాను. ముందు ఒక జాగ్రత్త. ఉన్నట్టుండి చెయ్యి బరువెక్కినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నిద్ర, తిండి తగ్గిపోయి ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, దానికి వైద్యం ఉంది.

అయితే మీరు రాసింది చదువుతుంటే నాకు అమ్మగారి చెయ్యి కంటే మీ వంటిల్లే ఎక్కువగా కళ్ళ ముందు మెదులుతోంది. 1994లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయం నుంచి విన్నీ డన్, కాటానా బ్రౌన్, ఆన్ మెగ్విగన్ ఒక వ్యాసం రాశారు. మనిషిని ఒంటరిగా నిలబెట్టి ‘ఈ పని చేయగలదు, చేయలేదు’ అని తేల్చకూడదన్నారు. ఆ మనిషి ఉన్న చోటు, చుట్టూ ఉన్న మనుషులు, ఆచారాలు, వయసు, వేళ అన్నీ కలిపి చూడాలన్నారు. మనిషి ఆరోగ్యం, పనితీరు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన వర్గీకరణ కూడా చేయగల సత్తా వేరు, రోజూ నిజంగా చేస్తున్నది వేరు అని రెంటినీ విడిగా చూస్తుంది. చదువుకునే రోజుల్లో ఇందులో ఏముందిలే అనుకున్నాను. పేషెంట్ల ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాక తెలిసింది.

ఈసారి వెళ్ళినప్పుడు అమ్మగారిని ఏమీ చేయమనకండి. స్టవ్ వెలిగించకుండా, చన్నీళ్ళతో, కుడి చేతికి బలం లేదనుకుని మీరే టీ పెట్టి చూడండి. ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో రాయండి. గిన్నె సంగతి మరిచిపోవద్దు.

తెనాలి కూతురు

చేసి చూశానండి. ఆసుపత్రిలో గిన్నెకు పొడుగు పిడి ఉంది. మా ఇంట్లో గిన్నెకు పిడి లేదు, పట్టకారుతో దించాలి. ఎడమ చేత్తో ఎలాగో దించినా, గ్లాసులోకి వంచేటప్పుడు జాలీ పట్టుకోవడానికి రెండో చెయ్యి కావాలి. పట్టకారు కాస్త వదులైతే గిన్నె గిర్రున తిరిగిపోతోంది. పాలు ఒలికింది అక్కడే.

టీ పొడి స్టీలు డబ్బాలో, పై అరలో ఉంది. మూత రెండు చేతులతో లాగితేనే వస్తుంది. వంటింటి గడప జానెడు ఎత్తు. కర్ర ఆనించే చోటు లేక జారి కింద పడుతోంది. ఇంకొకటి, నాన్న పొలానికి వెళ్ళాలి కాబట్టి మా ఇంట్లో టీ ఐదున్నరకే. ఆ వేళకు అమ్మ వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. ఆసుపత్రిలో చేసింది పదకొండింటికి, తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. రెండు నెలలుగా నేను ఇవేవీ చూడలేదు.

కొట్టు వాళ్ళబ్బాయి

అక్కా, మా నాన్న విషయంలో దీనికి తలకిందులుగా జరిగింది. పక్షవాతం తర్వాత క్లినిక్‌లో కాగితం మీద లెక్కలు అడిగితే తడబడేవాడు, ఇక కొట్టు మూసేయాలి అనుకున్నాం. ఓ రోజు కిరాణా కొట్లో తన పాత స్టూలు మీద కూర్చోబెడితే, ఎదురుగా సరుకులు, చేతిలో నోట్లు, తెలిసిన మొహాలు, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు. మీ అమ్మను బద్ధకం అనొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి.

విశాఖ ఓటీ

చేతి వ్యాయామాలు మానొద్దు, కానీ చెయ్యి పూర్తిగా బాగయ్యేదాకా ఆగక్కర్లేదు. పిడి ఉన్న చిన్న గిన్నె కొనండి. అసలు దించడమే వద్దు. స్టవ్ ఆపేసి, గ్లాసు మీద ఆగే జాలీ పెట్టి, ఎడమ చేత్తో గరిటెతో పోసుకోవచ్చు. గ్లాసు కింద తడిగుడ్డ వేస్తే జారదు. టీ పొడి, పంచదార వదులు మూత డబ్బాల్లో నడుము ఎత్తున పెట్టండి. గట్టుకు కర్ర తగిలించే కొక్కెం కొట్టించండి. గడప దగ్గర పట్టుకోవడానికి కడ్డీ రెండు వైపులా కావాలి, ఎందుకంటే వెళ్ళేటప్పుడు ఎడమ వైపున్నది వచ్చేటప్పుడు కుడి వైపవుతుంది. కుడి చేతికి వేడి తెలుస్తోందో లేదో చూడండి. తెలియకపోతే ఆ చేతిని మంటకు దూరంగా ఉంచమనండి.

ఐదున్నర టీ వదినగారికే వదిలేసి, సాయంత్రం టీ అమ్మగారికివ్వండి. మొదట్లో వదినగారు దగ్గరే ఉండాలి, చెయ్యి మాత్రం వేయకూడదు. నాన్నగారి చేతికి పట్టకారు ఇచ్చి ఒంటిచేత్తో చన్నీళ్ళ గిన్నె వంచి చూడమనండి.

ఇంకో మాట. అమ్మగారికి టీ పెట్టాలని ఉందా? అడగండి. ఆడమనిషి అనగానే మేం కూడా అడక్కుండా వంటగట్టు దగ్గరే నిలబెడతాం. అది తప్పని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తెనాలి కూతురు

అడిగాను. టీ సంగతి సరే, దోసకాయ పప్పు తన చేత్తో వండి నాన్నకు పెట్టాలట. శనివారం నాలుగింటికి టీ పెట్టింది, ముప్పావు గంట పట్టింది. వదిన గడప అవతలే కూర్చుంది. నాన్న పట్టకారుతో ప్రయత్నించాడు, తర్వాత కొక్కెం తనే కొట్టాడు. కింద కూర్చుని కత్తిపీట మీద తరగలేదు కదా, దోసకాయకు ఏం చేయాలి?

విశాఖ ఓటీ

వడ్రంగితో మందపాటి చెక్కకు కింద నుంచి రెండు తుప్పు పట్టని స్టీలు మేకులు కొట్టించండి, మొనలు పైకి వచ్చేలా. దోసకాయ వాటికి గుచ్చితే కదలదు, ఎడమ చేత్తో కత్తితో తరగొచ్చు. చెక్క కింద రబ్బరు ముక్క అంటించండి, పని అయ్యాక మొనలకు బెండు ముక్కలు గుచ్చండి. బల్ల ముందు కుర్చీలో కూర్చుని చేయమనండి.