టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది, టీ4 నార్మల్. మాత్ర మొదలెట్టాలా?

పలాస అమ్మాయి:
నాకు 34 ఏళ్లు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. జుట్టు బాగా రాలుతోందని, సాయంత్రానికి నీరసం వస్తోందని థైరాయిడ్ ప్రొఫైల్ చేయించాను. టీ3 110, టీ4 7.4, రెండూ రేంజ్‌లోనే ఉన్నాయి. టీఎస్‌హెచ్ మాత్రం 6.8, పక్కన లావుగా "హెచ్" అని కొట్టారు. వాళ్ల రేంజ్ 0.4 నుంచి 4.2.

రిపోర్టు ఇచ్చిన అబ్బాయి "థైరాయిడ్ వచ్చిందమ్మా" అనేసి తర్వాతి పేరు పిలిచాడు. ఇక మా అత్తగారు జన్మంతా మాత్రే అని చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. మా ఆడపడుచు తను థైరాయిడ్‌కి వాడే 50 మైక్రోగ్రాముల మాత్రల డబ్బా తెచ్చి వేసుకోమంటోంది. డాక్టరు సోమవారం చూస్తారు. అప్పటిదాకా వేసుకోవచ్చా? అసలు రెండు బాగుండి ఒక్కటే ఎలా పెరుగుతుంది? జుట్టుకి బయోటిన్ వాడుతున్నాను, అదీ చెబుతున్నా.

విజయనగరం ల్యాబ్ అక్క:
ముందు ఆ డబ్బా ఆడపడుచుకి ఇచ్చేయండి. ఆవిడ డోసు ఆవిడ ఒంటికి చూసి ఇచ్చింది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని, డాక్టర్ని కాను. టీ3, టీ4 మెడలోని థైరాయిడ్ గ్రంథి నుంచి వస్తాయి. టీఎస్‌హెచ్ మెదడు కింద ఉన్న పిట్యూటరీ నుంచి వస్తుంది. మీ ఫ్యాక్టరీలో మేస్త్రీ ఉంటాడు కదా, పని మందగిస్తే గొంతు పెంచుతాడు. టీఎస్‌హెచ్ ఆ గొంతు లాంటిది. మీ గ్రంథి సరుకు సరిపడా ఇస్తోంది, కాకపోతే కేకలు వేయించుకుని ఇస్తోంది. దీన్నే సబ్‌క్లినికల్ హైపోథైరాయిడ్ అంటారు. టీ4 కూడా పడిపోతే అది పూర్తి హైపో.

టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా మాత్ర ఇస్తారు. మీలా 4కీ 10కీ మధ్య ఉంటే చాలామంది డాక్టర్లు రెండు మూడు నెలలాగి మళ్లీ చూస్తారు. కొందరికి దానంతటదే దిగిపోతుంది, జ్వరాల నుంచి లేచాక కొన్నాళ్లు పెరిగేవాళ్లూ ఉన్నారు. ఈసారి ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4), యాంటీ టీపీఓ (ఒళ్లే తన థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూసే పరీక్ష) కూడా రాయమని అడగండి. టీపీఓ పాజిటివ్ అయితే ముందుముందు పూర్తి హైపో అయ్యే అవకాశం ఎక్కువ. ఒకవేళ గర్భం ఉన్నా, అనుకుంటున్నా లెక్క వేరు. అప్పుడు సోమవారం దాకా ఆగకండి.

బయోటిన్ సంగతి చెప్పి మంచి పని చేశారు. చాలా మిషన్ల కిట్లలో బయోటిన్ వాడతారు. ఒంట్లో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించొచ్చు. అంటే మీ 6.8 నిజానికి ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి. జుట్టు మాత్ర మందు కాదనుకుని జనం చెప్పరు, రక్తం తీసేవాళ్లూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకోటి, జుట్టూ నీరసమూ అంటే థైరాయిడే కానక్కర్లేదు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూపించుకోండి. మన వైపు ఆడవాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు నాకు.

రాజాం మాస్టారు:
అమ్మాయ్, జన్మంతా మాత్ర అంటే భయపడిపోకు. రిటైర్ అవ్వకముందు నుంచీ వేస్తున్నాను, చక్కగా తిరుగుతున్నాను. ఒకవేళ రాస్తే మాత్రం పరగడుపున మంచినీళ్లతో వేసుకో. మా ఇంట్లో పొద్దున్నే చోడి అంబలి తాగాల్సిందే, కానీ మాత్రకీ అంబలికీ గంట తేడా ఉండాలి. కాఫీ కూడా అంతే. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల దూరం. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ టీఎస్‌హెచ్ నిలకడకి రాదు, వారానికోసారి పరీక్ష చేయించి టెన్షన్ పడకు. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర.

పలాస అమ్మాయి:
డబ్బా ఇచ్చేశాను, ముఖం ముడుచుకుంది. ఇంకో రెండు అడుగుతాను. థైరాయిడ్‌కి క్యాబేజీ పడదంటారు, మానేయాలా? మా చెల్లి రిపోర్టులో మిల్లీ ఐయూ పర్ లీటర్ అని ఉంది, నాది మైక్రో ఐయూ పర్ ఎంఎల్. పోల్చుకోవచ్చా?

విజయనగరం ల్యాబ్ అక్క:
ఉడికించిన క్యాబేజీ మామూలుగా తింటే ఏమీ కాదు. ఆ యూనిట్లు రెండూ ఒకటే, అంకె మారదు. కానీ రేంజ్ ల్యాబ్‌ని బట్టి కొంచెం మారుతుంది. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది కూడా. అందుకని రెండోసారి అదే ల్యాబ్‌కి, అదే వేళకి వెళ్లండి.