భూమి అమ్మకం చీటింగ్ కేసులో శిక్ష పడింది: విచారణ సరిగా జరగలేదని అప్పీలులో చెప్పుకోవచ్చా?

చంపావతి తీరం (విజయనగరం జిల్లా):
అందరికీ నమస్కారం. భోగాపురం దగ్గరి జిరాయితీ భూమి విషయంలో మా చిన్నాన్నగారికి మేజిస్ట్రేటు కోర్టు ఐపీసీ 420 కింద రెండేళ్ల జైలు శిక్ష వేసింది. ఒకరి దగ్గర బయానా తీసుకుని అగ్రిమెంటు రాసిచ్చి, తర్వాత అదే భూమిని మరొకరికి రిజిస్టరు చేశారన్నది అభియోగం. గడువులోగా మిగతా సొమ్ము రాలేదని, బయానా బ్యాంకు ద్వారా తిరిగి ఇచ్చేశానని ఆయన మొదటినుంచీ చెబుతున్నారు. ఫిర్యాది సాక్ష్యం ఇచ్చిన రోజున మా ప్లీడరుగారు ఆసుపత్రిలో ఉండగా, వాయిదా ఇవ్వకుండా క్రాస్ (సాక్షిని మా వైపునుంచి అడిగే ఎదురు ప్రశ్నలు) లేదని నమోదు చేశారు. సాక్షిని మళ్లీ పిలిపించమని వేసిన పిటిషన్‌నూ కొట్టేశారు. గడువు పొడిగించినట్టు అగ్రిమెంటు వెనక సంతకంతో రాసి ఉన్న ఎండార్సుమెంటు మీదే తీర్పు ఎక్కువగా ఆధారపడింది. ఆ సంతకం తనది కాదంటున్న చిన్నాన్నగారిని కోర్టు దాని గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇవన్నీ సెషన్స్ కోర్టు వింటుందా?

నాగావళి గట్టు (న్యాయవాది, శ్రీకాకుళం):
వింటుంది, మీరు తప్పకుండా చెప్పాలి. అయితే అన్యాయం జరిగిందన్న మాట ఒక్కటే చాలదు. విధానంలో దొర్లిన ప్రతి లోపానికీ తీర్పు రద్దు కాదు కాబట్టి, ఏ తేదీన ఏ అవకాశం పోయిందో, దానివల్ల ముద్దాయికి ఏ నష్టం జరిగిందో రికార్డులోంచే చూపించాలి.

మీ కేసులో అన్నిటికంటే బలమైనది ఎండార్సుమెంటు సంగతి. ముద్దాయికి వ్యతిరేకంగా వాడుకునే ప్రతి ముఖ్యాంశాన్నీ అతని ముందు పెట్టి సంజాయిషీ అడగాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 351వ సెక్షన్ చెబుతున్నాయి. అలా అడగని అంశాన్ని అతని మీద వాడకూడదని సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో స్పష్టం చేసింది. అయితే 1973 నాటి శివాజీ సాహెబ్‌రావ్ బోబడే తీర్పు ప్రకారం అప్పీలు కోర్టు ఆ సంజాయిషీని మీ ప్లీడరునే అడగవచ్చు. అందుకు సిద్ధంగా ఉండండి.

ఇక క్రాస్ విషయం. మాట తప్పడం వేరు, మోసం వేరు. అగ్రిమెంటు రాసిన రోజునే మోసపు ఉద్దేశం ఉందని రుజువైతేనే 420 నిలుస్తుందని 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో తేల్చారు. బయానా తిరిగి ముట్టిందా, గడువునాటికి సొమ్ము సిద్ధంగా ఉందా, ఎండార్సుమెంటు ఎవరి ఇంట్లో ఎవరి ఎదుట రాశారు అని ఫిర్యాదిని అడగనిదే ఆ ఉద్దేశం ఎలా తేలుతుంది? అప్పీలు గ్రౌండ్లలో ఈ ప్రశ్నలను ఇలాగే రాయించండి. బ్యాంకు స్టేట్‌మెంటు కేసులో సాక్ష్యంగా మార్కు కాకపోయి ఉంటే, అదనపు సాక్ష్యం కోసం 391 (కొత్తది 432) కింద పిటిషన్ వేయండి. ముందుగా కేసు కొట్టేయమని, అది కుదరకపోతేనే తిరిగి విచారణ జరపమని కోరడం మంచిది. తిరుగు విచారణంటే మళ్లీ ఏళ్లు పడుతుంది.

కొన్నవాడిని (పలాస):
ఇలాంటి కేసులోనే నేను ఫిర్యాది వైపున ఉన్నాను. పోయిన సొమ్ము బాధ ఏమిటో నాకు తెలుసు, అయినా న్యాయవాదిగారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ముద్దాయికి క్రాస్ చేసే అవకాశం ఇవ్వకుండా తెచ్చుకున్న శిక్ష అప్పీలులో నిలవకపోతే, మళ్లీ బోనెక్కి అదంతా మొదటినుంచి చెప్పుకోవలసింది మేమే. ఆ అప్పీలులో ఫిర్యాది కూడా కోర్టు అనుమతితో ప్రభుత్వ ప్లీడరుకు సాయంగా సొంత న్యాయవాదిని పెట్టుకోవచ్చు కనుక, ఎండార్సుమెంటు మీద గట్టి వాదన వస్తుందనుకోండి.

చంపావతి తీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అప్పీలుకు వెళితే శిక్ష పెరుగుతుందేమోనని పిన్నిగారు భయపడుతున్నారు. మళ్లీ ప్లీడరుగారు రాలేకపోతే అప్పీలు కొట్టేస్తారా?

నాగావళి గట్టు:
ముద్దాయి వేసిన అప్పీలులో శిక్ష పెంచే అధికారం ఆ కోర్టుకు లేదు. అందుకు ప్రభుత్వం విడిగా అప్పీలు చేయాలి. ప్లీడరు రాలేదన్న ఒక్క కారణంతో అప్పీలు కొట్టేయకూడదని, రికార్డు చూసి గుణదోషాల మీదే తేల్చాలని 1996లో బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీరు లేకుండానే తేల్చేయవచ్చు కూడా, కాబట్టి వాయిదాలు వదలకండి. ఫీజు ఇబ్బంది ఉంటే 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. అప్పీలు గడువు తీర్పు నుంచి 30 రోజులే. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు గాని, కాపీ దరఖాస్తు మాత్రం రేపే పెట్టించండి. తీర్పుతోపాటు డిపాజిషన్లు (సాక్షుల వాంగ్మూలాలు), 313 ప్రశ్నల కాగితం, వాయిదా తిరస్కరించిన రోజు డాకెట్ ఆర్డరు (ఆ రోజు కోర్టు రాసిన ఉత్తర్వు) కూడా అడగండి.