అప్‌డేట్: రెండు నెలలు వేరే యూనివర్సిటీ ల్యాబ్‌కి వెళ్లొచ్చాను

ఆదిలాబాద్‌లో మాట్లాడే కొలామీ అనే ద్రావిడ భాషలో అచ్చుల నిడివి మీద పీహెచ్‌డీ చేస్తున్నానని, మా దగ్గర మాటల ధ్వనుల్ని కొలిచే ఫొనెటిక్స్ ల్యాబ్ లేదని, రెండు నెలలు వేరే చోటికి వెళ్లాలా అని అడిగాను కదండీ. వెళ్లాను. మీలో ఒకరు చెప్పినట్టు రికార్డింగులు ముందే చేసుకుని వెళ్లడమే నన్ను కాపాడింది, అక్కడ కొలామీ మాట్లాడేవారెవరూ లేరు.

మొదటి వారమంతా ప్రాట్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో హ్రస్వ, దీర్ఘాల సరిహద్దులు గుర్తించడమే. నేను చెవితో దీర్ఘమనుకున్నవి కొన్ని కొలిస్తే హ్రస్వాలే! వాటిని మళ్లీ మాట్లాడేవారికే వినిపించి అడగాలని అక్కడి మేడం పట్టుబట్టారు. భాషావేత్త ఎమెనో 1955లో వర్ణించింది మహారాష్ట్రలోని వార్ధా ప్రాంతపు కొలామీ మాండలికం. దాన్ని మన ఊళ్లకు నేరుగా అన్వయించొద్దన్నారు.

స్టైపెండ్ మాత్రం ఇంకా రాలేదు. వచ్చే నెల మళ్లీ ఊళ్లకి వెళ్తున్నాను.