సమస్యాపూరణం: “అసలు తేయాకు లేని టీ యమృత మయ్యె”

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య, అంటే ముందు మూడు పాదాలు మీరు కూర్చి పద్యంగా ముగించాల్సిన చివరి పాదం, మా వంటింట్లోనే పుట్టింది. సాయంత్రం ఆరు దాటాక మా ఇంట్లో టీపొడి డబ్బా తెరవడం మానేసి ఏడాదైంది. పెరట్లో నిమ్మగడ్డి దుబ్బు ఉంది. నాలుగు ఆకులు కోసుకొచ్చి, ముడివేసి, రెండు కప్పుల నీళ్లలో వేస్తాం. కోసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఆ ఆకు అంచు వేలిని సన్నగా గీసేస్తుంది, నిమ్మరసం తగిలినప్పుడు గానీ గీత సంగతి తెలియదు.

సమస్య ఇది:

*అసలు తేయాకు లేని టీ యమృత మయ్యె*

తేటగీతి పాదం. అసలు, తేయాకు, లేని టీ, యమృత, మయ్యె: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు (గణం అంటే అక్షరాల గుంపు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు, అ-అ. “అమృతలో అ గురువు (బరువుగా పలికే అక్షరం) కాదా?” అని ఎవరైనా అడగవచ్చు. కాదు. మృ సంయుక్తాక్షరం కాదు, మకారానికి ఋ అనే అచ్చు చేరిందంతే. అమృత మూడు లఘువులే, తేలిగ్గా పలికే అక్షరాలే.

ఒక్క కోరిక. జలుబు తగ్గించింది, ఒంట్లో విషాలు కడిగింది అనే మందు పద్యాలు వద్దు. అమృతం అన్నాం కాబట్టి నాలుకకు తెలిసే పద్యాలు రాయండి.

లెక్కల మాస్టారు:

నిమ్మగడ్డిని నలిపి వేన్నీట వేసి
మూత పెట్టి యే నైదు నిముసము లాగి
దించి నిమ్మరసము పిండి తేనెఁ గలుప
అసలు తేయాకు లేని టీ యమృత మయ్యె

నిర్వాహకుడు:
మాస్టారూ, చేసే వరుస చెప్పకుండానే చెప్పేశారు. ముందు చిన్న సవరణ: ‘కలుపన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట కాబట్టి తర్వాతి పాదం “నసలు తేయాకు” అని మొదలు కావాలి. యతి చెడదు, లోపలి అచ్చు అకారమే.

ఇక నాకు నచ్చినవి రెండు మాటలు. మొదటిది ‘మూత’. నిమ్మగడ్డి వాసనంతా సిట్రాల్ అనే పదార్థానిది. ఆ గడ్డి నూనెలో 70 నుంచి 80 శాతం దాకా అదే ఉంటుంది. మూత లేకుండా మరిగిస్తే అది ఆవిరితో ఎగిరిపోయి ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులోకి మాత్రం రాదు. నేను మూత తీసేటప్పుడు దాని అడుగున పట్టిన చుక్కల్ని గిన్నెలోకే వంచుతాను. రెండోది ‘దించి’. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండితే తాజాదనం పోతుంది, విటమిన్ సి కూడా వేడికి తగ్గుతుంది. దించాకే పిండాలి. పద్యంలో ఆ మాట సరిగ్గా పాదం మొదట్లో పడింది.

న్యూజెర్సీ నుంచి:
మాస్టారి పద్యం చూసి ఒక సందేహం. మాకిక్కడ వియత్నాం వాళ్ల దుకాణాల్లో దొరికే నిమ్మగడ్డికి పైన ఆకులు ఉండవు, కింది కాడలే అమ్ముతారు. వాటిని చేత్తో నలపలేం. అయిదు నిమిషాలు సరిపోతాయా?

లెక్కల మాస్టారు:
కాడయితే తెల్లగా ఉన్న మొదలును రోకలితో ఒక్క దెబ్బ కొట్టండి బాబూ. చితికితే చాలు, నూరనక్కర్లేదు. సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచండి. నా పద్యంలో ‘నలిపి’ బదులు ‘చిదిపి’ అనుకోండి, గణం అదే.

రాత్రిపాళీ నర్సు:
తొలిసారి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, నేర్చుకుంటాను.

రాత్రి పనిఁ జేసి యింటికి రాఁగ నేను
కునుకు పట్టని కన్నుల కొకటె దిక్కు
నిమ్మ తొక్కను మరిగించి నింపుకొనఁగ
నసలు తేయాకు లేని టీ యమృత మయ్యె

డ్యూటీలో తెల్లవారుజామున నాలుగింటికి టీ తాగడం అలవాటుండేది. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే పెద్దవాళ్లకు సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే నేను తొమ్మిదింటికి ఇంటికొచ్చి పడుకునే వేళకు ఆ కప్పులో సగం ఇంకా నాతోనే ఉన్నట్టు. కిటికీ పరదాలు వేసుకుని, ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ పడుకునేదాన్ని. ఇప్పుడు నాలుగింటికి నీళ్లు, ఇంటికొచ్చాక ఇది.

నిర్వాహకుడు:
అమ్మా, తొలిసారి అంటే నమ్మలేకపోతున్నాను. మొదటి పాదం ధార చూడండి, ఎక్కడా పట్టి లాగినట్టు లేదు.

రెండు చోట్ల దిద్దాలి. ఒకటి ఛందస్సుది. రెండో పాదంలో ‘కునుకు’కు ‘కొకటె’ను యతిగా వేశారు. అది కన్నులకు + ఒకటె. ఉత్వసంధి జరిగి ‘కు’లోని ఉకారం పోయింది కనుక అక్కడ ఒకారాన్నే చూడాలి, కకారం లెక్కలోకి రాదు. మొదట్లో ఉన్నది హల్లుతో కూడిన కు. కాబట్టి యతి చెల్లదు. చెవికి సరిపోయినట్టే ఉంటుంది, అందుకే ఇది చాలామంది జారే చోటు. “కన్నుల కోర్కె దీర” అంటే కు-కో సరిపోతుంది.

రెండోది వంటది.

బందరు కోడలు:
ఆ రెండోది నేను చెప్పనా? తొక్క మరిగిస్తే చేదెక్కుతుంది అక్కా! తొక్క కింద తెల్లటి పొర ఉంటుంది చూడండి, చేదు ఎక్కువగా దానిదే. మన నిమ్మకాయ తొక్క పలచన, ఆ పొరను విడిగా తీయడం కుదరదు. పైపైన పచ్చదనం మాత్రం తురిమి, పొయ్యి కట్టేశాక వేసి, మూత పెట్టి మూడు నిమిషాలు ఉంచండి.

నిర్వాహకుడు:
సరిగ్గా అదే. ‘మరిగించి’ సలము, నాలుగు అక్షరాలు. దాని చోట ‘నానించి’ వేస్తే తగణం. అదీ ఇంద్రగణమే. ఒక్క మాట మారిస్తే పద్యమూ నిలుస్తుంది, చేదూ పోతుంది.

గూడూరు తోట:

తోట నిమ్మకు ధరలేక దుఃఖ మొదవ
నలసి వచ్చిన నాకు నా యాలు తెచ్చి
చేతి కందింప నులివెచ్చ చెంబులోన
నసలు తేయాకు లేని టీ యమృత మయ్యె

ఎండాకాలం నిమ్మకు ధర పలుకుతుంది. వానలు మొదలై కాయ విరగకాసే రోజుల్లో పడిపోతుంది. ఒక్కోసారి కోత కూలీ కూడా రాదు. అలాంటి రోజు మార్కెట్ నుంచి బస్తా అలాగే వెనక్కి తెచ్చాను. మా ఆవిడ ఏమీ అడగలేదు. బస్తాలోంచి రెండు కాయలు తీసుకుని లోపలికి వెళ్లింది.

చాయ్‌ప్రియ:
పద్యం మంచిగుంది. కానీ ఒక మాట అడుగుత. చెంబులో ఉన్నది ఏందో పద్యంలో లేదు గద? నిమ్మ మొదటి పాదంలోనే ఆగిపోయింది.

లెక్కల మాస్టారు:
నాకైతే అదే బలం అనిపించింది. బజారు వద్దన్న కాయే చెంబులో తిరిగొచ్చిందని చదివేవాడు తనే కలుపుకోవాలి. ఇంకొకటి చూశారా? ‘అసలు’ అనే మాట ఇంతవరకు ‘బొత్తిగా’ అనే అర్థంలోనే వాడుకున్నాం. ధర లేని రైతు నోట వినేసరికి వడ్డీ పక్కనుండే అసలు గుర్తొచ్చింది. ఆయన అనుకుని రాశారో లేదో గానీ నాకు గుండె కలుక్కుమంది.

నిర్వాహకుడు:
నేను ఒక్క అక్షరం కదపను. ‘నులివెచ్చ’ దగ్గర ఆగి చూడండి. ఆవిడ వేడివేడిగా ఇవ్వలేదు, తాగగలిగేంత వేడికి చల్లార్చి తెచ్చింది. ఆయన వచ్చే దారి వైపు ఎంతసేపు చూసి ఉంటుందో ఆ ఒక్క మాటలో ఉంది. వారం మొత్తానికి నా మనసులో మొదటి పద్యం ఇదే.

బందరు కోడలు:

పాలు చక్కెర లేకున్న బాగె యనుచు
మొగము ముడిచిన మా యత్త మురిసిపోయె
నేడు తులసియు నిమ్మయు నిండి పొంగ
నసలు తేయాకు లేని టీ యమృత మయ్యె

మా అత్తయ్య గారికి టీ అంటే పాలు గట్టిగా, పంచదార రెండు చెంచాలు. ఇందులో కాసిని పాలు పోయమ్మా అని ఒకసారి అడిగితే పోశాను, విరిగిపోయింది. నిమ్మ పులుపుకు పాలు ఆగవు కదా. మర్నాడు పాలు లేకుండా అయిదు తులసాకులు వేసి ఇచ్చాను. రెండో కప్పు ఆవిడే అడిగి తాగారు.

నిర్వాహకుడు:
రెండో పాదం అచ్చంగా మన ఇళ్లలో మాట. మొ-ము యతి తెలియకుండా పడిపోయింది. మూడో పాదంలో మాత్రం ‘పొంగ’ అన్నది పాల క్రియ. నీళ్లలో వేసిన ఆకులు తెర్లుతాయి గానీ పొంగవు. విరిగిన పాల కథ చెప్పి మళ్లీ పాల మాటే వాడారు. “నిమ్మయు నింపఁ దావి” అని చూడండి, తావి అంటే పరిమళం. అప్పుడు నాలుగో పాదం “యసలు” అవుతుంది.

బందరు కోడలు:
తావి! ఆ మాట నాకు తట్టనే లేదు. మార్చుకుంటున్నాను.

ఇంటర్ పద్యగాడు:

కాఫీ టీ రెండు మానేసి కష్టపడితి
తలకు వచ్చిన నొప్పియుఁ దగ్గిపోయె
నాల్గు నాళ్ళకు నిమ్మటీ నాకు నచ్చె
నసలు తేయాకు లేని టీ యమృత మయ్యె

పరీక్షల టెన్షన్‌లో రోజుకు ఆరు కప్పులు తాగేవాణ్ణి సార్. మానేసిన రెండో రోజు తల పగిలిపోయింది.

నిర్వాహకుడు:
నాయనా, ఆ తలనొప్పి నిజమైనది. కెఫీన్‌కు అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది. ఈసారి రోజుకో కప్పు చొప్పున తగ్గించుకో. నువ్వు పడ్డ బాధ పద్యంలోకి వచ్చింది కాబట్టే ఇది పుస్తకాల పద్యంలా లేదు.

గణాలు చూడు. మొదటి గణం సూర్యగణం కావాలి. ‘కాఫీ’ రెండు గురువులు. ‘కాఫి’ అని హ్రస్వం చేస్తే హగణం, సరిపోతుంది. మూడో పాదం నడక బాగుంది గానీ ‘నచ్చె’ అన్నాక ‘అమృతమయ్యె’ అంటే చెప్పిందే చెప్పినట్టు. పైగా ఈ రెండు పాదాల్లోనూ టీ వచ్చింది. “నాల్గు నాళ్ళకు నాలుక నమ్మె నిమ్మ” అంటే ఎలా ఉంటుంది? తలనొప్పి పెట్టిన నాలుగు రోజులకూ నాలుకే సాక్ష్యం చెబుతుంది.

ఇంటర్ పద్యగాడు:
సార్, ఈ పాదం నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

చాయ్‌ప్రియ:
నేను పద్యం రాయలే, అడ్డు చెప్పనీకి వచ్చిన. టీ అంటే కెమీలియా సైనెన్సిస్ చెట్టు ఆకు. 2025 డిసెంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ కూడా అదే చెప్పింది: ఆ చెట్టుది కానిదాన్ని టీ పేరుతో అమ్మొద్దని. గడ్డీ పూలూ మరిగించినదానికి వేరే పేరు పెట్టుకోవాలె. ఇరానీ చాయ్ తాగి పెరిగినోణ్ణి, నాకు మనసు ఒప్పుకోదు. కషాయం అనొచ్చు గద?

నిర్వాహకుడు:
డబ్బా మీద అచ్చేసే పేరు విషయంలో మీరన్నది న్యాయమే. కొనేవాడికి లోపల ఏముందో తెలియాలి. అందుకే సమస్యలోనే ‘తేయాకు లేని’ అని ముందే ఒప్పుకున్నాం.

కానీ కషాయం అనను. ఆ మాట వినగానే పిల్లలు మంచం కిందికి దూరేవారు. అది ముక్కు మూసుకుని మింగేది, ఇది ఆగి ఆగి చప్పరించేది. ఇక టీ అన్న పేరే ప్రయాణం చేసి వచ్చింది. చైనాలో ఫుజియన్ తీరం వాళ్లు ‘తే’ అన్నది ఓడలెక్కి టీ అయింది, మన తేయాకులో, తేనీరులో ఇంకా ‘తే’గానే ఉంది. ‘చా’ అన్నది పారశీకం మీదుగా మీ చాయ్‌గా వచ్చింది. ఇన్ని మాటలు మార్చుకున్న పేరు ఇంకొంచెం జరిగి నిమ్మగడ్డికి చోటివ్వలేదా?

మీ ప్రశ్న వల్లనే నా పూరణ పుట్టింది. ఇది మీకే:

పేరు టీ యని పిలుచుట పెద్ద తప్పె?
యమ్మ కాచిన గిన్నెలో నావి యెగయ
వాన సాయంత్ర మరుగుపై వాడ కూడ
నసలు తేయాకు లేని టీ యమృత మయ్యె

మా ఇంట్లో టీపొడి నెలాఖరుకు అయిపోయేది. వాన పట్టిందంటే అరుగు మీద పదిమంది చేరేవాళ్లు. అమ్మ పెరట్లోకి తడుస్తూ వెళ్లి గడ్డి కోసుకొచ్చేది. పొడి లేదని ఎవరికీ చెప్పేది కాదు. “ఇవాళ టీ వాసన భలే ఉందే” అని వాళ్లంటుంటే తలుపు చాటున నిలబడి వినేది.

చాయ్‌ప్రియ:
ఇగ నేనేం అనను. ‘వాడ కూడ’ దగ్గర రెండుసార్లు చదివిన. కొంచెం నిమ్మగడ్డి వేరు దొరికితే కుండీలో పెడుత.

గూడూరు తోట:
కాయలు పంపగలను గానీ గడ్డి మాకూ లేదు. నాకూ ఒక పిలక ఇప్పించండి.

రాత్రిపాళీ నర్సు:
నిన్న ఉదయం డ్యూటీ దిగి వచ్చి, పొయ్యి కట్టేశాకే తురుము వేశాను. మూత పెట్టి మూడు నిమిషాలు గడియారం చూసుకున్నాను. నీళ్ల రంగు పెద్దగా మారలేదు, లేత పసుపు. చేదు లేదు. దిద్దిన పద్యం పెడుతున్నాను, చూడండి:

రాత్రి పనిఁ జేసి యింటికి రాఁగ నేను
కునుకు పట్టని కన్నుల కోర్కె దీర
నిమ్మ తొక్కను నానించి నింపుకొనఁగ
నసలు తేయాకు లేని టీ యమృత మయ్యె