హార్డంగర్‌విడ్డా స్కీ ట్రిప్: అందరికన్నా స్లోగా ఉన్న నన్నే ముందు పెడుతున్నారు, ఎందుకు?

హాయ్ అందరికీ. నాది విజయవాడ, ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్‌కి ఓస్లో వచ్చాను. ఇక్కడ ఔట్‌డోర్ కోర్సు ఒకటి తీసుకున్నా (క్రెడిట్లు ఈజీ అని ఒక సీనియర్ చెప్పాడు, దొరికితే ఉంది వాడికి). మార్చిలో ఆరుగురం ఫిన్సె స్టేషన్‌లో ట్రైన్ దిగి హార్డంగర్‌విడ్డా అనే ఎత్తైన పీఠభూమి మీద స్కీలేసుకుని ఒక హట్ నుంచి ఇంకో హట్‌కి వెళ్ళాలి, సామాను కొంత బ్యాగుల్లో, కొంత పుల్క్‌లో, అంటే నడుముకి కట్టుకుని లాగే స్లెడ్జి. ప్రాక్టీసుకని మొన్న వీకెండ్ ఓస్లో పక్కనున్న నూర్‌మార్కా అడవిలో తిప్పారు.

అందరిలో స్లో నేనే. ఐనా నన్నే ముందు పెట్టారు, వెనక ఐదుగురూ నా స్పీడ్‌లో ఈడ్చుకుంటూ రావాలి, సిగ్గుతో చచ్చిపోయా. ఆగిన ప్రతిసారీ "ఎలా ఉంది, పదికి ఎంత" అని ఒక్కొక్కరినీ అడుగుతారు, నేను తొమ్మిది అంటే నమ్మరు, గ్లవ్స్ తీయించి వేళ్ళు చూస్తారు. అదే నేను బ్యాగు కట్టలేక అవస్థ పడుతుంటే మాత్రం ఒక్కరూ కదల్లేదు! మన దగ్గరైతే అడక్కుండానే నలుగురు వచ్చేవాళ్ళు. నన్ను బరువనుకుంటున్నారా? డ్రాప్ అయిపోనా?

మంచుకొండ బాబాయ్:
డ్రాప్ అవ్వకమ్మా. స్లోగా ఉన్నవాళ్ళని ముందు పెట్టడం ఇక్కడ మామూలే. వెనకుంటే ఏమవుద్దంటే, ముందువాళ్ళు ఆగి నీకోసం చూస్తూ రెస్ట్ తీసుకుంటారు, నువ్వు చేరేసరికి వాళ్ళకి చలేసి బయల్దేరిపోతారు, నీకు రెస్టే ఉండదు. పైగా గాలి లేచి మంచు ఎగిరిందంటే పది అడుగుల్లో మనిషి కనపడడు, గ్రూపు తెగిపోతే అంతే సంగతులు. కొత్త మంచులో దారి తొక్కాల్సొస్తే మాత్రం బలమున్నవాడు ముందు, కాసేపటికి ఇంకొకడు, అలా మారుతుంటారు.

వేళ్ళు చూసేది నీమీద నమ్మకం లేక కాదు. మైనస్ 15కి సెకనుకి 10 మీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 27లా తగుల్తుంది. ముక్కుమీదో చెంపమీదో తెల్ల మచ్చొస్తే, అంటే చలికి చర్మం గడ్డకట్టడం మొదలైతే, నీకు కనపడదు, నొప్పీ తెలీదు, పక్కవాళ్ళే చూసి చెప్పాలి. వెంటనే వట్టి అరచెయ్యి ఆనించి వెచ్చబెట్టాలి, రుద్దకూడదు, మంచుతో అయితే అసలే వద్దు. అందుకని మొహమాటానికి తొమ్మిది అనకు, "ఎడంచేతి వేళ్ళు మొద్దుబారాయి" అని చెప్పు. నువ్వు ఓర్చుకుని ఊరుకుంటే గంట తర్వాత నీ జిప్పు ఇంకొకళ్ళు వెయ్యాలి, నీ పుల్క్ ఇంకొకళ్ళు లాగాలి.

1911లో సౌత్ పోల్ చేరిన అముండ్‌సెన్ కూడా అంతకుముందు 1896లో వాళ్ళన్నతో కలిసి ఇదే హార్డంగర్‌విడ్డా దాటబోయి తుఫానులో ఇరుక్కున్నాడు, రాత్రి మంచులో గుంట తీసుకుని పడుకుంటే పైన మంచు గడ్డకట్టేసింది, వాళ్ళన్న తవ్వి బయటికి లాగాడు. ఇక నువ్వెంత, నేనెంత.

గోదారిగట్టు:
బాబాయ్ గారు చెప్పింది కరెక్టే కానీ బ్యాగు సంగతి ఆయన వదిలేశారు. ఇక్కడ అడక్కుండా చెయ్యి వెయ్యరు, అడిగితే కాదనరు, ఆ పద్ధతి కొత్తగా వచ్చినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? లీడరే ముందు చెప్పాలి, అది వాళ్ళ తప్పే అంటాను. రేపే వెళ్ళి అడిగెయ్. ఇంకోటి, ఏమనుకోకు, నూర్‌మార్కాలో రాత్రిపూట లైట్లుండే ట్రాకులున్నాయి, క్లాసయ్యాక వెళ్ళి స్కీయింగ్ ప్రాక్టీస్ చెయ్యి. టీమ్ టీమ్ అంటే కాళ్ళు వాటంతటవి రావు.

ఊలుసాక్సుల అక్క:
చెల్లీ, స్పీడ్ సంగతి వదిలెయ్, హట్‌కి చేరాక చెయ్యాల్సిన పని బోలెడు. డీఎన్‌టీ (ఇక్కడి ట్రెక్కింగ్ సంఘం) వాళ్ళ సెల్ఫ్ సర్వీస్ హట్లలో వండిపెట్టేవాళ్ళెవరూ ఉండరు, పొయ్యి ముట్టించడం, కట్టెలు కొట్టడం, మంచు కరిగించి నీళ్ళు చెయ్యడం అన్నీ మనమే, వెళ్ళేముందు ఊడ్చి తర్వాత వచ్చేవాళ్ళకి కట్టెలు కూడా పెట్టి వెళ్ళాలి. నీళ్ళ పని నువ్వు తీసుకో. గిన్నె అడుగున కాసిని నీళ్ళుంచి మంచు కొంచెం కొంచెంగా వెయ్యి, ఒట్టి మంచు కుక్కి మంటమీద పెడితే గిన్నె మాడి నీళ్ళకి ఆ వాసన పట్టేస్తుంది, ఆరుగురూ రాత్రంతా అదే తాగాలి. ఉప్మా రవ్వ వేయించి పట్టుకెళ్ళు, నెయ్యి గట్టిగా తగిలించు, చలిలో ఒంటికి శక్తి ఎక్కువ కావాలి.

ఇంకా రాత్రి బయట టాయిలెట్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానకు, మన అమ్మాయిలందరం చేసే పనే అది. పక్కన పడుకున్నవాళ్ళని లేపి చెప్పి వెళ్ళు, తిట్టుకోరు.

(ప్రశ్న అడిగిన అమ్మాయి):
థాంక్యూ బాబాయ్, అక్కా. గోదారిగట్టు గారూ, మీరన్నట్టే లీడర్‌ని అడిగేశా. పాపం ఆవిడే ఇబ్బంది పడింది, "నీకు సాయం కావాలని అనుకోలేదు, నవ్వుతూనే ఉన్నావుగా" అంది. కొండల్లో పాటించాల్సిన రూల్స్ తొమ్మిదుంటే ఆ కాగితం చేతిలో పెట్టింది, ఎనిమిదోది టైముకి వెనక్కి తిరుగు, అందులో సిగ్గేం లేదు అని. డ్రాప్ అవ్వట్లేదు. నీళ్ళ పని రాయించేసుకున్నా. అక్కా, నెయ్యి ఓస్లోలో ఎక్కడ?

ఊలుసాక్సుల అక్క:
గ్రోన్‌లాండ్ వైపు మన సరుకులమ్మే షాపులున్నాయి, చూడు. దొరక్కపోతే సూపర్‌మార్కెట్‌లో ఉప్పులేని వెన్న కొని కాచుకో, ప్లాస్టిక్ డబ్బాలో పొయ్యి, గాజు సీసా వద్దు.